బెజవాడ ఎండల్లో బాలింతకు మంచినీళ్ళు తగ్గించాలా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
నాకు సాధారణ కాన్పు అయి 12 రోజులైంది. ఈ మే నెల ఎండకు నాలుక పిడచకట్టుకుపోతున్నా, నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని మా అమ్మమ్మ పూటకు ఒక్క గ్లాసే ఇస్తున్నారు. పైగా బాబుకు దాహమవుతుందంటూ ఉగ్గుగిన్నెతో నీళ్ళు పట్టమంటున్నారు. ఆవిడ మాట కాదనడమెలా?

జవాబు (గుంటూరు, స్టాఫ్ నర్సు):
పొట్టకూ నీళ్ళకూ సంబంధం లేదమ్మా. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ కనుక, దాహమైనప్పుడల్లా తాగండి. బాబుకు మాత్రం 6 నెలలు నిండేవరకు, ఎంత ఎండైనా, చెంచాడు నీళ్ళు కూడా పట్టవద్దు. తల్లిపాలలో 80 శాతానికి పైగా నీరే ఉంటుంది, నీళ్ళతో కడుపు నిండితే పాలు తాగడం తగ్గిపోతుంది. రోజుకు 6 సార్లయినా పక్కబట్టలు తడుపుతుంటే పాలు చాలుతున్నట్లే. మూత్రం తగ్గినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, ఒళ్ళు కాలినా వెంటనే పిల్లల వైద్యునికి చూపించండి.

జవాబు (తెనాలి):
మా ఇంట్లోనూ ఇదే గొడవ. టీకాకు వెళ్ళినప్పుడు అమ్మను వెంటబెట్టుకెళ్ళి నర్సమ్మ చేతనే చెప్పించాను. మర్నాటి నుంచి మరచెంబు నా మంచం పక్కకే వచ్చింది. ఐరన్ మాత్రలు మానకండి, వాటిని కాఫీతో మాత్రం వేసుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
ఉగ్గుగిన్నె అటకెక్కించాను. అమ్మమ్మ ఇంకా అలిగే ఉన్నారు.