వద్దన్న చోటికి వెళ్ళి చిక్కుకుంటే, తెచ్చే ఖర్చు ఎవరిది?

కవిటి కొబ్బరితోట:
మా ఉద్దానంలో వెల్డరో, ఫిట్టరో, బరువులు ఎత్తించే రిగ్గరో బయట దేశంలో లేని వీధి కనిపించదు. ఎక్కడైనా భూకంపమో వరదో వచ్చి ఊళ్ళు కూలితే, కొన్నాళ్ళకి అక్కడ కట్టుబడి పనులు మొదలవుతాయి. ఇక్కడ ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. ఎంబసీ వాళ్ళేమో ఆ ప్రాంతాలకు అవసరం లేకుండా రావద్దంటారు. దీని మీద మా ఊళ్ళో రెండు వర్గాలయ్యాయి. వద్దన్నా వెళ్ళినవాడు చిక్కుకుంటే వెనక్కి తెచ్చే ఖర్చు వాడే పెట్టుకోవాలని ఒక వర్గం. పౌరుడు ఎక్కడున్నా తేవాల్సింది ప్రభుత్వమేనని ఇంకో వర్గం. నేను రెండో వర్గం. 2015లో యెమెన్ యుద్ధంలోంచి ఆపరేషన్ రాహత్ పేరుతో 4,600 మందికి పైగా మనవాళ్ళను తెచ్చారు. అంతకు ముందే వచ్చేయమని సలహాలు వెళ్ళాయి. జీతం బకాయిలు చూసుకుని ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళనూ తెచ్చారు కదా. మీరేమంటారు?

బొబ్బిలి మాస్టారు:
నేను మొదటి వర్గం. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో తెల్లవారుజామున 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. తొమ్మిది గంటల తర్వాత, అదే రోజు మధ్యాహ్నం, 7.5 తీవ్రతతో ఇంకొకటి. మొదటిదానికి బీటలు తీసి నిలబడ్డ భవనాలు రెండోదానికి పడిపోయాయి. దెబ్బతిన్న భవనాల్లోకి వెళ్ళొద్దు, ఆ వైపు రావద్దు అని చెప్పేది ఇందుకే. ఆ మాట కాదని వెళ్ళినవాడి కోసం మన విపత్తు సహాయ దళం ఎన్డీఆర్ఎఫ్ కుర్రాడు శిథిలాల్లోకి దిగాలి. ఆ కుర్రాడికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

ఖర్చు మాటకొస్తే, జర్మనీ 2020లో కరోనా సమయంలో విమానాల్లో తెచ్చుకున్న తన పౌరుల దగ్గర తర్వాత కొంత వసూలు చేసింది. అమెరికా తిరిగి కడతామని సంతకం పెట్టించుకుని ఎక్కిస్తుంది. అప్పుడే మనవాళ్ళను విమానాల్లో తెచ్చిన వందే భారత్ మిషన్‌లో కూడా టికెట్టు డబ్బు ప్రయాణికులే కట్టారు. ఎలాగూ ఉచితంగా తెస్తారని ముందే తెలిస్తే సలహా ఎవరు వింటారు?

సోంపేట రిగ్గర్:
మాస్టారూ, నేను సౌదీలో ఉన్నాను. టర్కీ సంగతి మీరన్నట్టే. అక్కడ భయపడాల్సిందే. కానీ ఆ సలహా ఊళ్ళు చూడ్డానికి వెళ్ళేవాడిని దృష్టిలో పెట్టుకుని రాసింది. వాడు టికెట్టు రద్దు చేసుకుంటే సరిపోతుంది. మా క్యాంపులో కుర్రాళ్ళు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకి కట్టి వచ్చారు. పాస్‌పోర్టులు కంపెనీ ఆఫీసులో ఉంటాయి. యజమాని ఉంచుకోకూడదని ఈ దేశాల చట్టాలే చెబుతున్నాయి, అయినా వెళ్ళి అడిగే ధైర్యం ఎవరికుంది? రేపు కంపెనీ మరో దేశంలో, భూకంపం వచ్చిన చోట కాంట్రాక్టు తీసుకుని అక్కడికి వెళ్ళమంటే, వెళ్ళనన్నవాడికి పని ఉండదు. ఇంటి దగ్గర వడ్డీ మాత్రం ఆగదు.

డబ్బు గురించి ఒక మాట. ఎంబసీల దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఒక నిధి ఉంది. 2009లో పెట్టారు. బయట దేశాల్లో మేము పాస్‌పోర్టు రెన్యువల్ లాంటి సేవలకు వెళ్ళినప్పుడు ఫీజుతో పాటు తీసుకునే చిన్న మొత్తాలు అందులోకి వెళతాయి. చిక్కుకుపోయినవాడికి తిండి, బస, టికెట్టు, చనిపోతే మృతదేహం ఇంటికి పంపడం దాని పని. కాబట్టి దేశం మీద భారం మోపుతున్నాం అనకండి. మా జేబులోంచి వెళ్ళిందీ అందులో ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. వెనక్కి తెచ్చాక డబ్బు కట్టాలని తెలిస్తే మావాడు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడు. ఎంబసీ జాబితాలో పేరు రాయించుకోడు. వద్దన్న చోటికి వచ్చానని తెలిస్తే కేసు పెడతారేమో అని దాక్కుంటాడు. విపత్తు వచ్చిన రోజు ఎంబసీ దగ్గర ఉండే ఆధారం ఆ జాబితా ఒక్కటే. అందులో పేరు లేనివాడిని వెతకడానికి కూడా ఎవరూ రారు. మీరు ఖర్చు మిగిల్చాలనుకుంటున్నారు, దానివల్ల పోయేది మనిషి.

పలాస జీడితోట:
రిగ్గర్ తమ్ముడి మాటే నాదీ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా నెత్తిన తీరం దాటింది. ముందురోజు పునరావాస కేంద్రాలకి రమ్మని దండోరా వేశారు. మేకలు, ఆవులు వదిలి రాలేమని ఇళ్ళలో ఉండిపోయినవాళ్ళు ఎంతోమంది. తెల్లారాక బియ్యం పంచేటప్పుడు “నువ్వు రమ్మంటే రాలేదు కదా” అని ఎవరినీ వెనక్కి పంపలేదు.

రాజాం నర్సు:
ఖర్చు గొడవలో పడి సలహానే తేలిక చేయకండి అన్నయ్యలూ. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. అంతా సర్దుకుందనుకుంటుండగా మే 12న మళ్ళీ 7.3తో వచ్చింది. అంటే పదిహేడు రోజుల తర్వాత. కంపెనీ బిల్డింగు బాగానే ఉంది లోపలికి రమ్మన్నా, ఇంజనీర్లు చూసి చెప్పేదాకా లోపల పడుకోవద్దని మీవాళ్ళకి చెప్పండి. 2011లో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం అప్పుడు జపాన్ ప్రభుత్వం 20 కిలోమీటర్ల లోపు వాళ్ళని ఖాళీ చేయించింది. అమెరికా తన పౌరులను 80 కిలోమీటర్ల అవతలికి వెళ్ళిపొమ్మంది. రెండు ప్రభుత్వాలు రెండు రకాలుగా చెబితే, దూరంగా ఉండమన్న మాటే వినాలి. తప్పయినా పోయేది కొన్ని రోజుల కూలి.

బొబ్బిలి మాస్టారు:
తిత్లీలో ఉండిపోయినవాళ్ళు సొంత ఇంట్లో ఉన్నారు, అది వేరు. కానీ భయపడి జాబితాలో పేరు రాయించుకోరన్న మాట నన్ను ఆలోచింపజేసింది. కాదనలేను. సరే, కూలివాడి దగ్గర వసూలు వద్దు. మరి వాడిని పంపిన ఏజెంటు దగ్గర వసూలు చేయొచ్చు కదా? విజిట్ వీసా మీద పంపి, అక్కడికి వెళ్ళాక పని వీసాగా మారుస్తానని చెప్పేవాడిని ఎందుకు వదిలేస్తున్నాం?

విజయనగరం కోర్టు వీధి:
మాస్టారు సరైన చోట పట్టుకున్నారు. నేను వకీలుని, రెండు మూడు విషయాలు చెబుతాను.

సలహా వేరు, నిషేధం వేరు. ఎంబసీ సలహాని కాదని వెళ్ళడం నేరం కాదు. యెమెన్‌కి 2017 నుంచి ఉన్నది నిషేధం, దాన్ని దాటితే పాస్‌పోర్టుకే ముప్పు. కాబట్టి సలహా వినలేదని డబ్బు కట్టమనడానికి అసలు చట్టమే లేదు.

ఏజెంట్ల సంగతికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. రిజిస్టర్ అయిన ఏజెంటు ముందుగా బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. అభ్యర్థి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. మన దగ్గర లక్షలు తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆ రిజిస్టర్‌లో ఉండరు. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. గల్ఫ్ లాంటి 18 దేశాలకి పనికి వెళ్ళేటప్పుడు వాడు ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే వెళ్ళడానికి అనుమతి, తీసుకోవాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా కట్టాలి. రెండేళ్ళకి 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. మన ఐటీఐ కుర్రాళ్ళు పది పాసై ఉంటారు. వాళ్ళకి ఆ క్లియరెన్స్ అక్కర్లేదు, కాబట్టి బీమా సంగతి ఎవరూ చెప్పరు, ప్రభుత్వ లెక్కలో పేరూ ఉండదు. చదువుకున్నవాడే కనిపించకుండా పోతున్నాడు. విజిట్ వీసా మీద వెళ్ళినవాడి సంగతీ అంతే. ఇవాళ అడగాల్సినది ఇది: పని కోసం వెళ్ళే ప్రతివాడి పేరూ ముందే రాయించాలి, అది ఏజెంటు బాధ్యత కావాలి.

కవిటి కొబ్బరితోట:
వకీలుగారూ, ఇది మా పంచాయతీలో చదివి వినిపిస్తాను. రిజిస్టర్‌లో ఉన్న ఏజెంట్ల పేర్లు సచివాలయం గోడ మీద అంటించమని అర్జీ పెడదాం.

మందస తల్లి:
బాబూ, మా అబ్బాయి పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. ఆడు ఉన్న ఊళ్ళో మొన్న భూమి కొంచెం కదిలిందంట. నాకు రాత్రంతా టెన్షన్. ఎంబసీలో పేరు ఎలా రాయించాలి? కంపెనీకి తెలిస్తే కోప్పడతారా?

విజయనగరం కోర్టు వీధి:
కంపెనీకి తెలియాల్సిన పని లేదమ్మా. అబ్బాయి ఫోన్‌లో పాస్‌పోర్టు ఫోటో ఉంటే అందులో నంబరు చాలు. ఆ దేశంలో మన ఎంబసీ వెబ్‌సైట్‌లో భారతీయుల నమోదు ఫారం ఉంటుంది, క్యాంపు అడ్రసు, ఇక్కడ మీ ఫోన్ నంబరు కూడా రాయమనండి. ఫోటో లేకపోతే మీ ఇంట్లో పాత జిరాక్సు వెతకండి. ఒకవేళ ఉన్నపళంగా రావాల్సి వచ్చి పాస్‌పోర్టు దొరకకపోతే, ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, దానిమీద ఇంటికి రావచ్చు. మీకు రాయడం కష్టమైతే బయట దేశాల్లో ఉన్న మన తెలుగువాళ్ళ కోసం ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

మందస తల్లి:
జిరాక్సు బీరువాలో ఉంది బాబూ. ఆడి డ్యూటీ అయ్యాక ఫోన్ చేసి చెబుతాను.

బొబ్బిలి మాస్టారు:
అమ్మా, మీ అబ్బాయితో పాటు ఆ గదిలో ఉన్న మనవాళ్ళందరి పేర్లూ రాయించమనండి. కవిటి బాబూ, ఆ అర్జీ మీద నా సంతకం కూడా తీసుకోండి. ఒకసారి తెచ్చాక మళ్ళీ అదే చోటికి, అదే ఏజెంటు ద్వారా వెళ్ళేవాడి విషయంలో మాత్రం నేనింకా ఒప్పుకోలేదు. దాని మీద వేరే చర్చ పెడితే వస్తాను.