ఇద్దరు స్నేహితులం, యూరప్ గ్రూప్ టూర్: డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: మాది తిరుపతి. నేనూ, నా హైస్కూలు స్నేహితుడూ రిటైరయ్యాం. మే నెలలో చెన్నై నుంచి పది రోజుల టూర్ అనుకుంటున్నాం. తెలిసినోళ్లు చెప్పండి.

జవాబు 1: ముందు పాస్‌పోర్టు తీసి చూడండి సార్. షెంగెన్ దేశాలు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) వదిలే రోజుకు ఇంకా 3 నెలల గడువుండాల. 2 ఖాళీ పేజీలు కావాల. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎట్లుందో టికెట్టులోనూ అట్లే పడాల. ఉత్త పొడి అక్షరాలతో బుక్ చేస్తే కౌంటర్ దగ్గర తిప్పలు. వీసాకు 6 నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టొచ్చు. మే అంటే రద్దీ, జనవరిలోనే వేసేయండి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాల.

జవాబు 2: అసలు చిక్కు గదిది. ధర చెప్పేది ఇద్దరికీ ఒక గది లెక్కన. వీసా మాత్రం ఎవరిది వాళ్లకే. ఒకరిది తిరస్కరిస్తే రెండో ఆయన ఒంటరి గదికి అదనం కట్టాలి. అప్పుడు ఎంత, రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారు, రెండూ కాగితం మీద రాయించుకోండి. నోటిమాట పనికిరాదు. ప్యాకేజీ మీద వసూలు చేసే టీసీఎస్ (టూర్ కంపెనీ ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) మీ పాన్‌లో పడిందో లేదో చూసుకుంటే రిటర్నులో సర్దుకోవచ్చు.

జవాబు 3: ఆవకాయ చేతి సంచిలో వద్దు, చెక్ఇన్ పెట్టెలోనే. నూనె కారకుండా రెండు కవర్లు చుట్టండి. నెయ్యి, మాంసం పచ్చళ్లు యూరప్‌లోకి రానివ్వరు. కందిపొడి హాయి. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే. చెన్నై ఎయిర్‌పోర్టుకు సుమారు 140 కిలోమీటర్లు. విమానానికి 3 గంటల ముందు అక్కడుండాలి కాబట్టి ఇంటి నుంచి 7 గంటల ముందు కదలండి.