పంట మునిగిన ఆదివారం మందిరంలో లేచి సాక్ష్యం (దేవుడు చేసిన మేలు) చెప్పమనడం సరైనదేనా?

రాజోలు కౌలు రైతు:
అందరికీ వందనాలు. కోసిన పనలు చేలో ఉండగానే వాయుగుండం వచ్చి పడింది. నీళ్ళు లాగాక ఒక పన ఎత్తి చూశాను. వెన్నుల నిండా తెల్లని మొలకలు. పెట్టుబడి వడ్డీకి తెచ్చినది, మక్తా (కౌలు) బస్తాలు ముందే ఒప్పుకున్నవి. ఆ ఆదివారం మందిరంలో "నష్టపోయినవారు లేచి కృతజ్ఞత చెల్లించండి, నిరీక్షణ అంటే, దేవుని మీద ఆశ అంటే, అదే" అన్నారు. నేను లేవలేకపోయాను, ఏడుపొచ్చింది. బయటికి వచ్చాక సంఘ పెద్ద ఒకరు "విశ్వాసికి ఏడుపేమిటి?" అన్నారు. నాకు విశ్వాసం లేదనేనా అర్థం?

అమలాపురం మాస్టారు:
బాబూ, ఆయన అన్న తీరు బాగాలేదు. కానీ శ్రమలలో కూడా అతిశయపడదామని (ఆనందిద్దామని) బైబిలులోని రోమా పత్రిక 5వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలే రాశాడు. 1996 నవంబరు 6 తుపానుకు మా కొబ్బరి తోట మొత్తం నేలకొరిగింది. మళ్ళీ మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు. రేకులు ఎగిరిపోయిన మందిరంలో ఆ ఆదివారం మా అమ్మ లేచి పాట ఎత్తుకుంది. అది వినకపోతే నేను ఊరు వదిలి వెళ్ళిపోయేవాడిని. సాక్ష్యం వినేవాడిని కూడా నిలబెడుతుంది.

నరసాపురం నర్సు:
మాస్టారూ, మీ అమ్మగారిని ఎవరూ లేవమనలేదు కదా! ఆమె తనంతట తాను లేచింది. నా బాధంతా అక్కడే. మీరు చెప్పిన అధ్యాయంలోనే శ్రమ వలన ఓర్పు, ఓర్పు వలన పరీక్షకు నిలవడం, ఆ తరువాతే నిరీక్షణ అని వరుస ఉంది. మొలకెత్తిన పన ఇంకా చేతిలో ఉన్న మనిషిని ఆ వారమే చివరి మెట్టు మీద నిలబడమంటే ఎలా? 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, అయినా అది దేవునికి చేసిన ప్రార్థనే. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్ళు విడిచాడు. హబక్కూకు ప్రవక్త సంగతి చూడండి. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేనిలో పైరు, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు అంటూ పోయినవన్నీ పేరుపేరునా లెక్క చెప్పాకే యెహోవాలో ఆనందిస్తానన్నాడు. ఈ తమ్ముడిని ఆ లెక్క కూడా చెప్పుకోనివ్వలేదు.

ఏడ్చేవారితో ఏడవమని కూడా పౌలే రాశాడు. సాగు హక్కు పత్రం లేని కౌలుదారు నష్టపరిహారం కోసం ఎంత తిరగాలో మనకు తెలియదా? సంఘ పెద్దలు ఇద్దరు యజమాని ఇంటికి వెళ్ళి ఈ ఏడు మక్తా తగ్గించమని అడగవచ్చు. నిరీక్షణ గురించి ఆ తరువాత బోధిస్తే ఈ తమ్ముడి చెవికి ఎక్కుతుంది.

అమలాపురం మాస్టారు:
లేవమని పిలవడం పొరపాటని ఒప్పుకుంటానమ్మా. సాక్ష్యమే పొరపాటంటే మాత్రం ఒప్పుకోను. బాబూ, మీ యజమానిది ఏ ఊరు? ఆ వైపు నాకు బంధువులు ఉన్నారు.