వద్దు వద్దంటూనే బయలుదేరే వీరుడు మనకెందుకు నచ్చుతాడు?

ప్రశ్న:

ఈ మధ్య ఒక పెద్ద ఫాంటసీ నవల చదువుతున్నాను. రేవులో పడవ నడుపుకొని బతికే ఒక యువకుడి చేతిలో, నూరేళ్లుగా ఆరిపోయి ఉన్న దీపం దానంతట అదే వెలుగుతుంది. జోస్యంలోని వీరుడు ఇతడేనని అందరూ తీర్మానిస్తారు. అతడు మాత్రం మీరు పొరబడ్డారంటూ రెండు వందల పేజీల దాకా తప్పించుకు తిరుగుతాడు. నాకు ఆ రెండు వందల పేజీలే అన్నిటికంటే బాగా నచ్చాయి. అతడు కత్తి పట్టి బయలుదేరాక నా ఆసక్తి కొంత సన్నగిల్లింది. ఇదే నవల చదివిన మిత్రుడొకరు మాత్రం మొదటి భాగమంతా సాగతీత అనీ, వెళ్తాడని ముందే తెలిసినప్పుడు ఈ బెట్టు దేనికనీ విసుక్కుంటున్నారు. వెళ్తాడని నాకూ తెలుసు. అట్ట మీదే కత్తితో నిలబడి ఉన్నాడు. అయినా ఆ పేజీలు తిప్పుతున్నంతసేపూ ఉత్కంఠ తగ్గలేదు. ఇటువంటి కథలో మనం నిజంగా దేనికోసం ఎదురుచూస్తాం?

మొదటి సమాధానం:

వెళ్తాడా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు, ఏం వదులుకొని వెళ్తాడన్నదే ప్రశ్న. జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో వెలువరించిన పురాణగాథల అధ్యయనంలో వీరుడి ప్రయాణాన్ని దశలుగా విడదీస్తూ, పిలుపు వచ్చిన వెంటనే దాన్ని తిరస్కరించడాన్ని ఒక దశగా చూపించాడు. అయితే ఆ మాట మనకు కొత్తది కావచ్చు గాని సంగతి కొత్తది కాదు. కురుక్షేత్రంలో యుద్ధం జరుగుతుందని తెలియని శ్రోత ఎవరూ ఉండరు. అయినా గాండీవం జారిపోయిన అర్జునుడి విషాదాన్ని ఊపిరి బిగబట్టి వింటాం. ఎందుకంటే అతడు చెప్పే కారణాలు తేలికైనవి కావు. ఎదుట నిలబడినవారు తాతలు, గురువులు, అన్నదమ్ములు. నీ మాట ప్రకారమే చేస్తానని అతడు కృష్ణుడితో అనడానికి గీత పద్దెనిమిదో అధ్యాయం చివరిదాకా, అంటే 73వ శ్లోకం దాకా, ఆగవలసి వచ్చింది. అతడి అభ్యంతరం బలహీనమైనదైతే అంత సుదీర్ఘమైన సమాధానం అవసరమయ్యేదే కాదు. మీ పడవవాడు వద్దనడానికి చెప్పిన కారణం ఏమిటో రాస్తే బాగుంటుంది.

రెండో సమాధానం:

మీ మిత్రుడి విసుగును నేను పూర్తిగా కొట్టిపారేయలేను. చాలా నవలల్లో వీరుడి అనిష్టం ఒక లాంఛనం. అతడు గర్విష్ఠి కాడని మనకు నమ్మకం కలిగించేందుకు రచయిత తగిలించిన పతకం. వెనకడుగుల్లో తేడాలున్నాయి. తిక్కన విరాటపర్వంలో ఉత్తరకుమారుడు అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేన కనబడగానే రథం దూకి పరుగెత్తుతాడు. అది భయం, అందుకే నవ్విస్తుంది. సముద్రతీరాన హనుమంతుడు మౌనంగా కూర్చోవడం అనిష్టం కాదు, తన బలం తనకు గుర్తులేకపోవడం. జాంబవంతుడు గుర్తుచేస్తే చాలు. నాకు నచ్చని నవలల్లో వీరుడికి ఉత్తరుడి భయం, హనుమంతుడి శక్తి, అర్జునుడి మాటలు మూడూ ఉంటాయి, తనదంటూ ఏదీ ఉండదు.

ఇంకొక మాట. జోస్యం మరీ స్పష్టంగా ఉంటే నిరాకరణకు విలువ ఉండదు. 2003లో వచ్చిన హ్యారీ పాటర్ అయిదో పుస్తకంలో, హ్యారీ గురించినదనుకున్న జోస్యం ఇద్దరు పిల్లలకు సరిపోయేదేనని తెలుస్తుంది. శత్రువు ఒకరిని ఎంచుకోవడం వల్లనే అది ఆ ఒక్కరిదైంది. ఆ ఒక్క వివరంతో విధి కాస్తా పొరుగువాడి మీద పడవలసిన పిడుగులా మారిపోయింది.

ప్రశ్న వేసినవారు:

కారణం అడిగారు కదా. ఆ రేవులో నీటి కింది రాళ్లు ఎక్కడున్నాయో అతడొక్కడికే తెలుసు. తాను వెళ్తే అవతలి ఒడ్డున ఉన్నవారు ఇవతలికి రాలేరన్నదే అతడి అభ్యంతరం. ఇది రాస్తూ ఉంటే ఇప్పుడు తట్టింది: అతడు బయలుదేరాక నవల ఆ రేవు వైపు మళ్లీ తొంగిచూడలేదు. నా ఆసక్తి సన్నగిల్లింది సరిగ్గా అక్కడే.

మూడో సమాధానం:

అయితే మీ సమస్య కత్తితో కాదు, రేవును మరచిపోయిన రచయితతో. నిరాకరణ గడప దగ్గరే ముగిసిపోతే ఆ తరువాతిదంతా యుద్ధాల పట్టికగా మిగులుతుంది. టోల్కీన్ ఉంగరాల కథలో వీరుడు ఫ్రోడో సభలో అందరి ముందూ తానే లేచి, దారి తెలియకపోయినా దుష్టశక్తి ఉంగరాన్ని నాశనం చేసే భారం మోస్తానంటాడు. అతడి అసలైన నిరాకరణ మాత్రం 1955లో వచ్చిన చివరి భాగంలో, అగ్నిపర్వతం లోపల, ఉంగరాన్ని పారవేయవలసిన క్షణంలో బయటపడుతుంది. (డెబ్బై ఏళ్లు నిండిన నవల కనుక ముగింపు చెప్పినందుకు మన్నించండి.) దారి పొడవునా ఆ బరువు పెరుగుతూనే ఉంది కాబట్టి అక్కడ మనం అతణ్ణి తప్పుపట్టలేం. మీ నవలలో మిగిలిన పేజీలు చదివేటప్పుడు, రేవు ఏదో ఒక రూపంలో అతణ్ణి వెంటాడుతోందేమో గమనించండి.

ప్రశ్న వేసినవారు:

వెనక్కి వెళ్లి చూశాను. 412వ పేజీలో, సైన్యం విడిది చేసిన చోట ఒక ముసలామె అతడి అరచేతుల్లో తెడ్డు కాయలు చూసి, ఇప్పుడు పడవ ఎవరు నడుపుతున్నారని అడుగుతుంది. అతడు జవాబు చెప్పకుండా చేతులు వెనక్కి పెట్టుకుంటాడు. యుద్ధం కోసం తొందరపడి ఆ పేరాను నేను దాటేశాను.