నాటుకోడి పులుసులో కారం ఎక్కువైతే ఉర్లగడ్డ నిజంగా లాగుతుందా?

పీలేరు కోడలు:
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం తిరుపతి నుంచి మా ఇంటికి ఎనిమిది మంది చుట్టాలు వచ్చారు. కిలోన్నర నాటుకోడితో పులుసు పెట్టి సంగటి కెలికాను. ఎప్పుడూ వేసే లెక్కనే మిరప్పొడి వేశాను గానీ ఈసారి పొడి కొత్తది. ఇదివరకు బ్యాడిగి కాయలు ఎక్కువగా, తేజ కాయలు తక్కువగా కలిపి మర పట్టించేవాళ్ళం. ఈ ఏడు అంతా తేజ కాయలే పట్టించారన్న సంగతి నాకు తెలియదు. రుచి చూసేసరికి నాలుక మండిపోయింది. ఎవరో చెప్పగా రెండు ఉర్లగడ్డలు కోసి వేసి అరగంట ఉడికించినా తగ్గలేదు. రెండు చెంబుల నీళ్ళు పోస్తే పులుసు పలచబడిందే తప్ప మంట పోలేదు. చుట్టాల పిల్లలు ఒక్క ముద్దకే లేచిపోయారు. ఇలాంటప్పుడు కూరను ఎలా కాపాడుకోవాలి? ఉర్లగడ్డ కారాన్ని లాగుతుందన్న మాట నిజమేనా?

పాకాల మాస్టారు:
అమ్మా, ఉర్లగడ్డ కారాన్ని మాత్రమే ఏరి లాగదు. చుట్టూ ఉన్న పులుసును ఉన్నదున్నట్టే పీల్చుకుంటుంది, మిగిలిన పులుసు మునుపటంత కారంగానే ఉంటుంది. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. అది నీటిలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. కాబట్టి మీరు ఎన్ని నీళ్ళు పోసినా మంట ఆ నూనెను పట్టుకొని పైనే తేలుతూ ఉండిపోయింది. నాలుక మీద వేడిని గుర్తించే గ్రాహకాన్నే ఆ పదార్థం తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతిని మరొకరితో కలిసి అందుకున్నారు.

మీరు పొయ్యి ఆపి, పులుసును పది నిమిషాలు కదపకుండా ఉంచితే ఎర్రటి నూనె పైకి తేరుతుంది. దాన్ని గరిటె అంచుతో మెల్లగా తీసి వేరే గిన్నెలో పోయండి. మంటలో చెప్పుకోదగ్గ భాగం దానితోనే బయటికి వస్తుంది. పారబోయనక్కరలేదు, మర్నాడు కారం దోసె మీద పూయడానికి పనికివస్తుంది. ఆ తరువాత వేయించిన చెనక్కాయ గింజలు గుప్పెడు, అరచిప్ప టెంకాయ మెత్తగా నూరి కలిపి, మరో పది నిమిషాలు ఉడికించి ఉప్పు సరిచూసుకోండి. పక్కన పెరుగు పెట్టండి, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు నోటిలోని మంటను తీసుకుపోతుంది.

బంగారుపాళెం:
గట్టి పెరుగు, సంగటి. ఇంకేమీ అక్కరలేదు.

చంద్రగిరి వాసి:
మాస్టారూ, చింతపండు పోసిన పులుసులో పాలు, పెరుగు పోస్తే విరిగిపోవా? ఒకసారి మా ఇంట్లో గిన్నెడు కూర అలాగే పాడైంది.

పాకాల మాస్టారు:
విరుగుతాయి. నేను పక్కన పెట్టమన్నాను, పులుసులో పోయమనలేదు.

తిరుచానూరు అక్క:
మాస్టారు గారూ, మా అవ్వ నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకు వంట చేసింది. కారం ఎక్కువైన ప్రతిసారీ ఉర్లగడ్డే వేసింది, ఏ పంక్తిలోనూ ఆకు ముందు నుంచి ఎవరూ లేచిపోలేదు. మీరు నోబెల్ గురించి చెబుతున్నారు, నేను కళ్ళారా చూసింది చెబుతున్నాను. ఇక తేరిన నూనె తీసేయమనడం నాకు మింగుడుపడటం లేదు. నాటుకోడి కమ్మదనమంతా ఆ నూనెలోనే ఉంటుంది, అది తీసేస్తే మిగిలేది చారు.

పాకాల మాస్టారు:
అక్కా, ఉడికిన ఉర్లగడ్డ ముక్కను ఒకటి తీసి నోట్లో వేసుకొని చూడండి, తరువాత పులుసు చూడండి. పెళ్ళి వంటలో బుట్టెడు ఉర్లగడ్డలు పడతాయి. అక్కడ కారం తగ్గితే కూర పెరిగినందువల్ల తగ్గింది.

తిరుచానూరు అక్క:
పొయ్యి దగ్గర నిలబడనివారు చెప్పే మాటలివి. అసలు ఈ కాలంలో ప్రతి కూరలోనూ టెంకాయ కలిపి చప్పగా చేసేస్తున్నారు. మా వైపు పులుసు అవ్వల కాలం నుంచి కారంగానే ఉంది, తినలేనివారు సంగటిలో నెయ్యి వేసుకుంటారు. పోయిన సంక్రాంతికి మా కోడలు నన్ను ఒక్క మాట అడగకుండా పితికిపప్పు పులుసులో టెంకాయ పాలు పోసింది. ఆ రోజు నేను మజ్జిగన్నం తిని లేచాను.

పాకాల మాస్టారు:
పొయ్యి దగ్గర నిలబడలేదన్నారు కాబట్టి చెప్పక తప్పడం లేదు. మా ఆవిడకు కడుపులో పుండు పడినప్పటి నుంచి, అంటే ఆరేళ్ళుగా, మా ఇంట్లో వంట నాదే. మొదటి నెలలో ఒకరోజు నేను పెట్టిన పులుసుతో ఆమె రెండు ముద్దలు తిని, బాగుందని చెప్పి, కంచాన్ని నెమ్మదిగా పక్కకు జరిపింది. ఆ కంచం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. మీరు అవ్వల కాలం అంటున్నారు. మిరపకాయ అమెరికా ఖండాల పంట, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు తెచ్చేదాకా మన నేల మీద లేదు; అంతకుముందు ఘాటుకు మిరియాలు, పిప్పళ్ళ లాంటివే దిక్కు. అంత మారిన పులుసు ఇంట్లో తినలేని మనిషి కోసం ఇంకొంచెం మారితే తప్పేమిటి?

పీలేరు కోడలు:
మీ ఇద్దరి మాటలూ చదివాక అసలు సంగతి చెప్పాలనిపించింది. ఆ రోజు చెనక్కాయ గింజలు వేయించి రోట్లో వేశాను కూడా. మా అత్తగారు వచ్చి, పులుసులో ఏమీ కలపవద్దు, తినలేనివాళ్ళు మజ్జిగ పోసుకుంటారు అన్నారు. రోట్లోని గింజలు ఎత్తి డబ్బాలో పోశాను. పిల్లలు ఆకలితో లేచిపోయాక, కోడలికి చేయి తూకం తెలియదన్న మాట మాత్రం నాకు మిగిలింది. ఎలా తగ్గించాలో నాకు కొంత తెలుసు. ఆ గిన్నెలో చేయి పెట్టే హక్కు ఎవరిదన్నదే తెలియలేదు.

తిరుచానూరు అక్క:
రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. మీ అత్తగారు అన్న మాట, నేను పైన రాసిన మాట ఒక్కటే. నిన్న పులుసు పెట్టి రెండు గిన్నెల్లోకి పంచాను. ఒకదానిలో ఉర్లగడ్డ ముక్కలు ఉడికించి తీసేశాను, రెండోదాన్ని అలాగే ఉంచాను. కారంలో తేడా లేదు, ముక్క కూడా మండింది. మాస్టారు చెప్పింది నిజం. అయితే ఆ ముక్కలనే మెదిపి కలిపితే మంట తగ్గి పులుసు చిక్కబడింది. మా అవ్వ గరిటె వెనుక వైపుతో గిన్నె అంచుకు ఒత్తి మెదిపేది, ఆ సంగతే నేను మరిచిపోయాను. నూనె తీయడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. అమ్మాయీ, ఈసారి పిల్లలకు సరిపడా పులుసు వేరే గిన్నెలోకి తీసుకో, అందులో మెదిపిన ఉర్లగడ్డ, చెనక్కాయ ముద్ద కలుపు. దానికి ఎవరినీ అడగనక్కరలేదు.

పాకాల మాస్టారు:
అక్కా, ఎంత పులుసుకు ఎన్ని ఉర్లగడ్డలు వేశారు?

తిరుచానూరు అక్క:
అరలీటరుకు పెద్దది ఒకటి. మెదిపిన తరువాతే ఉప్పు చూడండి, ముందు చూస్తే చాలదు.