పాత జిల్లా కోర్టు కాగితాల్లో ముత్తాతల ఆచూకీ

ఒంగోలు ఆడపడుచు: మా వంశవృక్షం ముత్తాతగారి తండ్రి దగ్గర ఆగిపోయింది. ఆ తరం అన్నదమ్ములు పొలం గురించి కోర్టుకెక్కారని మాత్రం పెద్దవాళ్లు చెప్పేవారు. ఊరు ఒంగోలు దగ్గరిది. దావా నూరేళ్ల పైమాటే. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతకాగితం: ముందు ఆ ఏడాది మీ ఊరు ఏ జిల్లాలో ఉండేదో తేల్చుకోండమ్మా. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉంది. తరువాత గుంటూరులో కలిసింది. 1970లో గానీ విడి జిల్లా కాలేదు. హైకోర్టు అప్పీలు దాకా వెళ్లి ఉంటే అది మద్రాసులోనే. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టింది 1954లో. 1876 నుంచి వెలువడిన ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు సంపుటాల్లో వాది ప్రతివాదుల పేర్లు చూడండి. అన్ని తీర్పులూ అచ్చు కాలేదు కానీ, దొరికితే కుటుంబ కథ మొత్తం అందులోనే ఉంటుంది.

కృష్ణాతీరం: మా ఇంట్లో పంపకాల దావా నకలు ఒకటి భద్రంగా ఉంది. ప్లెయింటుకు (వాది వేసిన దావా అర్జీకి) జతగా మూడు తరాల వంశవృక్షం గీసి ఉంది. ఇంకా విలువైనది కింద ఉన్న ఆస్తుల షెడ్యూలు. ప్రతి చెక్కుబందీలో, అంటే పొలం నాలుగు హద్దుల వివరంలో, తూర్పున ఎవరి మెరక, దక్షిణాన ఎవరి మాగాణి అని రాశారు. ఆ హద్దుల్లోనే మా దాయాదుల పేర్లు దొరికాయి. ఆడవాళ్ల పేర్లు కావాలంటే మనోవర్తి (భరణం) దావాలు వెతకండి. 1937 చట్టంతో ఉమ్మడి ఆస్తిలో భర్త వాటా వితంతువుకు దక్కింది. అప్పటి నుంచి పంపకాల దావాల్లోనూ వాళ్లు కక్షిదారులుగా కనిపిస్తారు. వంశవృక్షాల్లో మగవాళ్ల పేర్లే రాసుకున్న మనకు ఆ అమ్మమ్మల పేర్లు చదివితే కడుపు నిండినట్లుంటుంది.

ఒంగోలు ఆడపడుచు: చాలా సంతోషమండీ! కోర్టులో అసలు కాగితం లేదంటే?

పాతకాగితం: ఉండకపోవచ్చు. గడువు తీరిన కాగితాలను తీసేయడానికి 1917 నాటి చట్టమే ఉంది. అయినా దావా నంబరు, సంవత్సరం రాసి నకలు కోసం దరఖాస్తు పెట్టండి.

దస్తావేజు: నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి విరమించాను. దావా దొరకకపోయినా రాజీ పడి రాసుకున్న పంపకాల దస్తావేజు ఉండవచ్చు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో 1వ పుస్తకం స్థిరాస్తి దస్తావేజులది. రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. దానికి రెండు ఇండెక్సులు. మొదటిది మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో. మీకు సర్వే నంబరు తెలియదు కాబట్టి మొదటిది అడగండి. వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవారు పోయాక నకలు ఎవరికైనా ఇస్తారు.

ఓరుగల్లు: తెలంగాణ వారికి ఒక మాట. మా వైపు పాత రికార్డులు ఉర్దూలో, 1884కు ముందువి ఎక్కువగా పారసీలో ఉంటాయి. సేత్వారు (తొలి భూసర్వే రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల అనుభవదారుల రికార్డు) చూడండి. తార్నాకలోని ఆర్కైవ్స్‌కు వెళ్లేటప్పుడు ఆ లిపి చదవగల పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి.

కృష్ణాతీరం: ఒంగోలు అమ్మా, మీది ఇనాం భూమి (పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో పాలకులు ఇచ్చిన మాన్యం) అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరును వదలకండి. 1858లో వేసిన ఇనాం కమిషన్ రాయించినది. మొదట ఇనాం పొందినవారి పేరు, అప్పటి అనుభవదారు వయసు, ఇద్దరికీ ఉన్న బంధుత్వం వేర్వేరు గడుల్లో ఉంటాయి. ఏళ్లు ఫసలీల్లో, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరాల్లో, కనిపిస్తే 590 కలుపుకోండి. ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ వరకు.