గుండె ఆగిన మనిషికి ఇంట్లోనే చికిత్స చేయాలా, ఆసుపత్రికి పరుగెత్తాలా?

మియాపూర్ మెట్లు:
పోయిన నెల మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఒక పెద్దాయన టీ తాగుతూ కుప్పకూలిపోయారు. అంబులెన్స్ వాళ్లు వచ్చి, ఆయన్ని హాల్లో నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కుతూ, మధ్యలో షాక్, ఇంజెక్షన్లు ఇస్తూ ఇరవై నిమిషాల పైనే అక్కడే ఉన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లమని కొడుకు కాళ్లావేళ్లా పడ్డాడు. చివరికి తీసుకెళ్లారు గానీ ఫలితం లేదు. ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, ఇంట్లో టైం వేస్ట్ చేసి చంపేశారని. నిజంగా తప్పు చేశారా?

బోరబండ బాబాయ్:
తప్పే. ఆసుపత్రిలో వెంటిలేటర్ ఉంటుంది, గుండె రక్తనాళాల్లో అడ్డు తీసే క్యాథ్‌ల్యాబ్ ఉంటుంది, నలుగురు డాక్టర్లుంటారు. హాల్లో సోఫా జరిపి చేసే వైద్యం దానికి సాటి వస్తుందా? యాక్సిడెంట్ కేసుని రోడ్డు మీదే పెట్టుకుని కూర్చుంటామా?

రాత్రి డ్యూటీ:
బాబాయ్ గారూ, నేను క్యాజువాలిటీలో పనిచేస్తాను. యాక్సిడెంట్‌తో పోల్చిన దగ్గరే లెక్క తప్పింది. లోపల రక్తం కారుతుంటే ఆపడానికి ఆపరేషన్ థియేటర్ కావాలి, అందుకే ఆ పరుగు. గుండె ఆగిన మనిషికి మొదటి అరగంటలో మేం చేసేదేమిటి? ఛాతీ నొక్కడం, షాక్, గొట్టం వేసి ఆక్సిజన్, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇంజెక్షన్. అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ బండిలో ఈ సరంజామా ఉంటుంది.

ఊళ్లో బోరింగ్ గుర్తుందా? నాలుగైదు సార్లు గట్టిగా కొడితే గానీ నీళ్లు పైకి రావు. చెయ్యి ఆపితే కిందికి జారిపోతాయి. ఇదీ అంతే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ పోతే గుండె కండరానికి రక్తం అందే ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది. ఆపితే క్షణాల్లో పడిపోతుంది. నాలుగంతస్తుల మెట్లు దిగుతూ, మియాపూర్ ట్రాఫిక్‌లో బ్రేకు పడినప్పుడల్లా తూలుతూ ఎలా నొక్కుతారు? 2020లో వచ్చిన ఉత్తర అమెరికా అధ్యయనంలో, ఒకే తరహా రోగులను జతచేసి పోలిస్తే, పడినచోటే చికిత్స కొనసాగించినవాళ్లలో 8.5 శాతం మంది ఆసుపత్రి నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. గుండె తిరిగి కొట్టుకోకముందే తరలించినవాళ్లలో 4 శాతమే.

సందేహాల సుబ్బయ్య:
అది పరిశీలన మాత్రమే కదా డాక్టరు గారూ, చీటీలు వేసి రెండు జట్లు చేసింది కాదు. ఆశ లేని కేసులనే తరలించి ఉండొచ్చు.

ఇంకోటి, "అడ్వాన్స్‌డ్" అనగానే మురిసిపోనక్కర్లేదు. కెనడాలోని ఒంటారియోలో, త్వరగా షాక్ ఇచ్చే ఏర్పాటు అప్పటికే ఉన్నచోట్ల గొట్టాలు, మందులు కూడా చేర్చి చూశారు. 2004లో లెక్క తేలింది: బతికినవాళ్లు 5.0 శాతం నుంచి 5.1 శాతం అయ్యారు, అంతే. అడ్రినలిన్ సంగతి? 2018లో బ్రిటన్‌లో 8,000 మంది మీద చేసిన పరీక్షలో నెలరోజులు బతికినవాళ్లు మందుతో 3.2 శాతం, ఉత్తుత్తి సెలైన్‌తో 2.4. కానీ బతికినవాళ్లలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు మందు పుచ్చుకున్న జట్టులో 31 శాతం, రెండో జట్టులో 17.8. మరి ఇంట్లో కూర్చుని ఆ ఇంజెక్షన్లు చేసి సాధించిందేమిటి?

రాత్రి డ్యూటీ:
మొదటి మాట ఒప్పుకుంటాను. రెండోది మాత్రం నా వాదనకే బలం. పనిచేసేవి మంచి నొక్కుడు, త్వరగా షాక్. ఆ రెండూ ఆగకుండా సాగే చోటు గట్టి నేల. (షాక్ అందరికీ కాదు, గుండె కొట్టుకోకుండా వణుకుతున్నప్పుడో, నాడి అందనంత వేగంగా కొట్టుకుంటున్నప్పుడో మాత్రమే. సినిమాల్లో గీత తిన్నగా పడగానే ఇస్తారే, అది దండగ.)

మినహాయింపులున్నాయి. మూడు షాకులిచ్చి, గుండె లయ సరిచేసే అమియోడరోన్ మందు 300 మిల్లీగ్రాములు ఎక్కించినా వణుకు ఆగకపోతే, ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని బయటనుంచి చేసే యంత్రం) ఉన్న ఆసుపత్రి దగ్గర్లో ఉంటే, ముందే ఫోన్ చేసి కదలాలి. నిండు గర్భిణి అయినా అంతే.

సైరన్ తమ్ముడు:
నేను అంబులెన్స్ టెక్నీషియన్‌ని. ఇంట్లో ఉంటే చంపేశారంటారు. బండెక్కిస్తే ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో నొక్కాలి. మనిషి పోయాడని చెప్పాల్సింది డాక్టరే, మేం కాదు. కాబట్టి ఆశ లేదని తెలిసినా ఎక్కించుకుని వెళ్లాల్సిందే. మియాపూర్ అన్నా, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు. బండి వచ్చేదాకా ఎవరైనా ఛాతీ నొక్కారా?

మియాపూర్ మెట్లు:
లేదు తమ్ముడూ. ముఖాన నీళ్లు చల్లాం. కొడుకు అరికాళ్లు రుద్దాడు. ఎవరో ఉల్లిపాయ వాసన చూపించమన్నారు. గురకలాగా వస్తుంటే ఊపిరి ఆడుతోందిలే అనుకున్నాం.

రాత్రి డ్యూటీ:
ఆ గురక ఊపిరి కాదండీ. గుండె ఆగాక కొద్ది నిమిషాలు అలా ఎగశ్వాస వస్తుంది. వణుకుతున్న గుండెకి నొక్కుడూ షాకూ అందకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం తగ్గిపోతుంది. 2023లో ఆరాంఘర్ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీదే నొక్కి ప్రాణం పోసిన వీడియో మీ గ్రూపులో కూడా తిరిగే ఉంటుంది.

మియాపూర్ మెట్లు:
తిరిగింది. నేనే ఫార్వర్డ్ చేశాను.

బోరబండ బాబాయ్:
డాక్టరమ్మో డాక్టరయ్యో, మీ లెక్కలు కాదనను. కానీ అక్కడ పడుకున్నది మా నాన్నయితే, తీసుకెళ్లమనే మళ్లీ అరుస్తాను. చెప్తున్నా.

సైరన్ తమ్ముడు:
అరవండి బాబాయ్, అలవాటే. ఆ సోఫా జరిపి, లిఫ్టు ఆపి పెట్టి అరవండి.